నున్నగా కడిగిన రీలు

నలుపు తెలుపు రీలుకి ఏ డెవలపర్ మంచిదో తెలియాలంటే నరసన్నపేట స్టూడియో ఆయన్ని అడగాలని, ఇటు పాతపట్నం నుంచి అటు విజయనగరం దాకా అనుకునేవారు. అలా అనుకునేవారని ఊరందరికీ చెప్పింది ఎక్కువగా ఆ స్టూడియో ఆయనే. అంటే నేనే.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. రీలు మీద పూత ఉంటుంది. వెలుతురు తగిలిన చోట ఆ పూతని నల్లటి వెండి రవ్వగా మార్చే మందు పేరే డెవలపర్. ఆ పనిని మేము రీలు కడగడం అంటాం. ఫొటో చిన్నగా అచ్చు వేస్తే రవ్వ కనిపించదు. పెద్దది చేస్తే మాత్రం బుగ్గల మీద ఇసక చల్లినట్టు పైకి తేలుతుంది. అలా తేలకుండా రవ్వని సన్నగా ఉంచే మందులు కొన్ని ఉన్నాయి. మా వైపు పెళ్లివారికి కావలసింది అదే. పిల్ల ముఖం మీగడలా రావాలి. ఎండలో వరి ఊడ్చిన ముఖమైనా సరే, ఫొటోలో నున్నగా ఉండాలి.

నేను ఒక పెళ్లికూతురి ఫొటోని తలుపంత చేసి స్టూడియో ముందు పెడితే, ఒక్క రవ్వ కనిపించలేదని జనం విరగబడి చూశారు. తలుపంత అంటే, నిజం చెప్పాలి కాబట్టి, కిటికీ రెక్కంత. రవ్వ కనిపించకపోవడానికి ఒక కారణం మందు. రెండో కారణం, మధ్యలో మురుగుకాలవ ఉండడం వల్ల జనం దగ్గరికి రాలేకపోవడం.

ఇలాంటి గొప్పలు నేను యాభై ఏళ్లుగా చెబుతున్నాను. వాటి వల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాను. ఈమధ్య ఒక ఆదివారం ఉదయం వరకూ.

ఆ ఉదయం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా ఊరి బడిలో సైన్సు టీచరు, ముప్పై లోపు వయసు. ఇప్పుడు రీలు కెమెరాల మోజు మళ్లీ వచ్చిందట. తనూ ఒక పాత కెమెరా సంపాదించి, ఫోన్లో వీడియోలు చూసి, బాత్‌రూమ్‌లో రీళ్లు కడగడం నేర్చుకుంది. హెడ్మాస్టరు నా పేరు చెప్పి పంపాడు. ఆయనకి నా పేరు అంత గొప్పగా ఎలా తెలుసో వేరే చెప్పనక్కరలేదు.

వస్తూనే టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. లోపల గుడ్డలో చుట్టిన రెండు రీళ్లు ఉన్నాయి.

"మాది భోగాపురం వైపు తాతగారూ. విమానాశ్రయం కోసం మా ఊరు తీసేశారు. అందరికీ కాలనీలో ఇళ్లిచ్చారు. మా మామ్మ ఇల్లు పడగొట్టే ముందు రెండు రోజులు ఉండి ఫొటోలు తీశాను. ఒక రీలు నిండా మామ్మ వంటిల్లే. ఇంకో రీల్లో ఇరుగుపొరుగు వాళ్లు, వాళ్లిళ్ల లోపల. లోపల బాగా చీకటి. ఫ్లాష్ వేస్తే మామ్మ కళ్లు మూసేసుకుంటాదని వెయ్యలేదు."

"ఊ" అన్నాను. అప్పటికే నా బుర్రలో నా జవాబు తయారవుతోంది. చీకటి అన్న మాట నా చెవిలో పడింది కానీ, లోపలికి దిగలేదు.

"మామ్మకి చూపు బాగా తగ్గిపోయింది. అందుకని ఒక్క ఫొటో, పొయ్యి దగ్గర కూర్చున్నది, ఇంత పెద్దది చేయించాలి." రెండు చేతులూ బారుగా చాపి చూపించింది. "పెద్దది చేస్తే రవ్వ వస్తుంది కదా. నా దగ్గర మామూలు డెవలపర్ ఉంది. సన్నరవ్వది కూడా తెప్పించాను. దేన్లో కడగమంటారు? మళ్లీ తియ్యడానికి ఇల్లు లేదు. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను."

మళ్లీ తియ్యడానికి ఇల్లు లేదు అని ఆ పిల్ల ఎంతో స్పష్టంగా చెప్పింది. నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, స్టూడియోలో పెళ్లివారి ముందు వాలినట్టే వాలి, "ఇందులో అడగడానికేముందమ్మా. సన్నరవ్వే. ముప్పై ఏళ్లు అదే వాడాను. అదొక్కటే మందు, మిగతావన్నీ కుడితి" అన్నాను.

గుమ్మం దగ్గర పీట మీద మా ఆవిడ చింతపండులో పిక్కలు తీస్తోంది. ఆవిడ నా మేనమామ కూతురు. ఇప్పటికీ నన్ను బావా అనే పిలుస్తుంది.

"బావా, సీకట్లో తీసినాదంట గదా. దానికి ఆ మందు..."

"ఒసే, ముందు కాఫీ సంగతి చూడు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. నా వైపు ఒకసారి చూసి లేచి లోపలికి వెళ్లిపోయింది. టీచరమ్మ పుస్తకంలో సన్నరవ్వ అని రాసుకుని, కింద గీత గీసింది.

ఇక్కడ ఒప్పుకోవలసింది ఒకటుంది. మామూలుగా నేను చెప్పినదాంట్లో సగం నిజం ఉంటుంది. దీంట్లో అదీ లేదు. నేను నా జన్మలో ఒక్క రీలూ కడగలేదు. స్టూడియో పెట్టిన కొత్తలో ఒకటి ప్రయత్నించి, ముందు పోయవలసిన మందు తరవాత పోసి, ఒక పెళ్లి రీలు మొత్తాన్ని బొమ్మే లేని గాజుముక్క చేశాను. రెండోదానికి మా ఆవిడే నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. ఆనాటి నుంచి స్టూడియో మూసేదాకా కడిగింది ఆవిడే. వెనక స్నానాలగదిలో చంటిపిల్ల ఉయ్యాల తాడు కాలివేలికి తగిలించుకుని, చేత్తో డబ్బా కదుపుతూ కడిగింది. నేను ముందు గదిలో కూర్చుని మాటలు కడిగాను.

ఆడది కడుగుతుందంటే పెళ్లి రీళ్లు ఇవ్వరని నేనే ఆవిణ్ణి బయటికి రానిచ్చేవాణ్ణి కాదు. ఆ మందుకి గోళ్లు ముదురు గోధుమరంగు తిరిగిపోయేవి. చుట్టాలెవరైనా అడిగితే జీడిపిక్కలు ఒలిచానని చెప్పమన్నాను. అలాగే చెప్పింది. మాకు జీడిమామిడి చెట్టు కాదు కదా, పెరట్లో కరివేపాకు మొక్క కూడా లేదు. ఆ అబద్ధానికి చుట్టాలు ఏమనుకున్నారో కానీ, ఆవిడ మాత్రం వాళ్ల ముందు చేతులు కొంగులో పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది.

తరవాతి ఆదివారం టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో టిఫిన్ డబ్బా లేదు. కడిగిన రీలు ఒక కవరులో ఉంది. ముఖం చూడగానే సంగతి తెలిసిపోయింది.

రీలు కిటికీకెదురుగా పట్టుకున్నాను. రీల్లో పడిందల్లా తలుపు సందులోంచి వచ్చిన ఎండ గీత. ఒకచోట తెల్లజుట్టు, ఒక భుజం అంచు. మిగతాదంతా అవతలి గోడ కనిపించేంత ఖాళీ. రీలు మీద ఖాళీ అంటే అచ్చులో నలుపు. పొయ్యి లేదు, ముఖం లేదు, వంటింటి గోడలు లేవు.

"మామ్మ వంటిల్లే ముందు కడిగాను తాతగారూ. రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాది, నా ఫొటో ఏదీ అని. నేనే ఎక్కడో పాడుచేశాను."

ఆ మాట దగ్గర నేను ఆపి ఉండవచ్చు. కాదమ్మా అంటే సరిపోయేది. ఒక్క మాట. నేనేమన్నానో రాయడానికి ఇప్పుడు కూడా పెన్ను బరువుగా ఉంది.

"నీళ్ల వేడి చూసుకున్నావా? అదే అయుంటుంది. సన్నరవ్వ మందు అంటే ఏమనుకున్నావు, కొత్తచేతికి లొంగదు. చెయ్యి కుదరాలి."

ఆ పిల్ల తల ఊపింది. పుస్తకం తీసి, నీళ్ల వేడి అని రాసుకుంది. దానికింద కూడా గీత గీసింది. "రెండో రీలు జాగ్రత్తగా కడుగుతాను. అదే మందులో. వచ్చే ఆదివారం" అని చెప్పి వెళ్లిపోయింది.

మా ఆవిడ ఇదంతా లోపలినుంచి విన్నది. నేను అన్నానికి కూర్చున్నాక ఎదురుగా వచ్చి కూర్చుంది. కోపంగా లేదు. అదే నాకు భయం.

"ఆ మందు రవ్వని సన్నం సెయ్యడానికి రీలు మీదున్న ఎండిని కొంచెం తినేస్తాది బావా. ఎండలో తీసిన రీలుకి పరవానేదు, తిన్నా మిగుల్తాది. సీకట్లో తీసినదానికి ఉన్నదే కూసింత. అదీ తినేస్తే ఇంకేటి ఉంటాది? అర్ధరాత్రి ముహూర్తాల రీళ్లు నానెప్పుడైనా దాంట్లో ఏసినానా?"

"నాకేం తెలుసే" అన్నాను. నిజంగానే తెలియదు.

"తెల్దు గదా. తెల్దని సెప్తే నీ నోరు అరిగిపోద్దా?" నా కంచంలో పప్పు వేసింది. "ముప్పై ఏళ్లు నా పని నీ పేరు మీద ఒదిలేసినాను. దానికి నాకేటి బాద నేదు. మన ఇంటి సంగతి అది. ఇప్పుడు నీ తప్పు తీసుకెళ్లి ఆ గుంట పేరు మీద పెట్టినావు. అది మాత్రం నాను సూడలేను."

తరవాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎప్పటిలాగే పలికింది, ఎప్పటిలాగే నవ్వింది. నాకు అన్నం మాత్రం దిగలేదు. ఆ పిల్ల పుస్తకంలో గీసిన గీత కళ్లముందు కనిపించేది. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుందామని తను ఇంటి దగ్గర నీళ్లు కాచుకుంటూ, ధర్మామీటరు ముంచి చూసుకుంటూ ఉంటుంది. ఎక్కడా జరగలేదు. నా నోట్లో జరిగింది.

శనివారం బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. దారిపొడుగునా ఏం చెప్పాలో వల్లించుకున్నాను. ఆ పిల్ల స్కూటీ తోసుకుంటూ బయటికి రాగానే వల్లించినదంతా పోయి, పాత నోరే వచ్చింది.

"చూడమ్మా, నేను బాగా ఆలోచించాను. ఈమధ్య మందులు మునపటిలా లేవు. పాకెట్లలో కల్తీ. రెండో రీలు దాంట్లో వెయ్యకు."

"అవునా తాతగారూ. అయితే వేరే రకం సన్నరవ్వది తెప్పిస్తాను. మీరు వాడినదాని పేరు చెప్పండి, అదే తెప్పిస్తాను."

పేరు చెప్పడానికి నోరు తెరిచాను. పేర్లు నాకు బాగానే వచ్చు. స్టూడియోకి వచ్చే పాకెట్ల మీద చదివినవే. ఆ పిల్ల పుస్తకం తీసి, పేజీ తిప్పి, కలం పట్టుకుని నా నోటికేసి చూస్తోంది. అందులో ఇంకో గీత పడుతుంది.

"నేను వాడలేదమ్మా" అన్నాను.

"అదేంటి?"

"ఏదీ వాడలేదు. నేను ఎప్పుడూ రీలు కడగలేదు. నీ చేతి తప్పు కాదు, నీళ్ల వేడి తప్పు కాదు. చీకట్లో తీసిన రీలు దాంట్లో వెయ్యకూడదు. నువ్వు చీకటని చెప్పావు. నేను వినిపించుకోలేదు. ఆవిడ చెప్పబోతే నోరు మూయించాను."

బడిపిల్లలు మా పక్కనుంచి వెళుతున్నారు. టీచరమ్మ కలం మూత పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి స్టూడియోలో ఎవరు కడిగారు?"

"మా ఆవిడ."

"ఇప్పుడు ఇంట్లో ఉన్నారా?"

ఉందన్నాను. స్కూటీ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయింది. వెనక సీటు ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు. నేను ఇంటికి నడిచి వెళ్లేసరికి ఇద్దరూ వంటింట్లో గచ్చు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి మాట ఆపారు. నేను గుమ్మం దాకా వెళ్లి, అక్కణ్ణుంచే పెరట్లోకి పోయాను.

మర్నాడు పొద్దున్న టీచరమ్మ రెండో రీలూ మందులూ పట్టుకుని వచ్చింది. మా ఆవిడ స్నానాలగది కిటికీకి నల్ల దుప్పటి కొట్టింది. పదిహేనేళ్లయింది ఆ పని చేసి. సన్నరవ్వ పాకెట్ పక్కన పెట్టి, మామూలు మందే కాస్త చిక్కగా కలిపింది. రీలు మొత్తం ఒకేసారి వెయ్యలేదు. ముందు చీకట్లో తోక దగ్గర వేలెడు ముక్క కత్తిరించి, దాన్ని మాత్రమే కడిగింది. వెలుగులోకి తెచ్చి చూసి, "ఇంకో నాలుగు నిముషాలు ఉంచాలి. రవ్వ వస్తాది. రానీ. మనిసి వస్తే సాలు" అంది. ముక్క కత్తిరించి చూసుకోవడం అనే పద్ధతి ఒకటుందని నాకు ఆరోజే తెలిసింది. మా ఇంట్లో ముప్పై ఏళ్లు జరిగిన సంగతి.

నాకు అప్పగించిన పని, తలుపు కింద సందులోంచి వెలుతురు లోపలికి పోకుండా బయట గోనెసంచి తొక్కిపట్టి నిలబడడం. నిలబడ్డాను.

రీలు వచ్చింది. రవ్వ బొంబాయి రవ్వంత ఉంది, దాచడానికి లేదు. కానీ మనుషులున్నారు. చూరు కింద చుట్ట కాలుస్తున్న ముసలాయన, గాదె పక్కన నిలబడి నవ్వు ఆపుకుంటున్న ఇద్దరు తోడికోడళ్లు, పడకగదిలో పెట్టె మూత పట్టుకుని ఎందుకో సిగ్గుపడుతున్న ఒకావిడ. టీచరమ్మ తడి రీలు పట్టుకుని ఒక్కొక్కరి వరసా మా ఆవిడకి చెప్పింది. నాకు చెప్పలేదు. నేనూ విన్నాను.

అచ్చులు వేయించాక, "మామ్మ దగ్గరికి వెళుతున్నాను, అమ్మమ్మగారూ మీరు రండి" అని మా ఆవిణ్ణి పిలిచింది. తరవాత నా వైపు తిరిగి, "మీరు కూడా" అంది. ముగ్గురం హైవే మీద బస్సెక్కి భోగాపురంలో దిగాము.

కాలనీలో ఇళ్లన్నీ ఒకే కొలత, గోడలకి ఒకే రంగు. ఇరుగుపొరుగు వాళ్లు ఫొటోలు లాక్కుని చూసుకున్నారు. తోడికోడళ్లలో ఒకావిడ, "నా మొకం మీద ఉప్మా ఒలకబోసినారేటే" అంది. రెండో ఆవిడ, "నీ మొకం ముందునుంచీ అంతేనే, ఇప్పుడు తెలిసినాది" అంది. అందరూ నవ్వారు. అంత రవ్వతో ఫొటో మా స్టూడియోలోంచి బయటికి వెళితే పరువు పోయిందనుకునేవాణ్ణి. వాళ్లు మాత్రం ఫొటోలో గాదెని వేలితో తడుముతున్నారు.

టీచరమ్మ మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ కోసం మొదటి రీల్లోంచి పనికొచ్చే ఒక్కటీ, తెల్లజుట్టు కనిపించేది, పెద్దది చేయించి తెచ్చాము. ఆవిడ దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. వెలుతురుకి తిప్పింది. వేలితో నలుపు మీద అటూ ఇటూ వెతికింది.

"పొయ్యి ఏదే?"

"మామ్మా, నాకే సరిగ్గా కుదరలేదు" అని టీచరమ్మ మొదలుపెట్టింది.

అన్నీ తెలిసి కూడా, నలుగురి ముందు నన్ను కాపాడడానికి తప్పు మళ్లీ తన మీదే వేసుకుంటోంది. మా ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. గోడకేసి చూస్తోంది.

"కుదరకపోవడం కాదమ్మా" అన్నాను ముసలావిడతో. "మీ మనవరాలు బాగానే తీసింది. ఏ మందులో కడగాలో నన్ను అడిగింది. నాకు తెలియదు. తెలుసని చెప్పాను. నా మాట విని కడిగితే మీ వంటిల్లు పోయింది. మొన్నటిదాకా తప్పు ఈ పిల్లదే అని కూడా అన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు ఆగాయి. ముసలావిడ ఫొటో ఒళ్లో పెట్టుకుంది.

"తెల్దని సెప్పలేకపోనావా బాబూ?"

"లేకపోయానమ్మా."

"నా ఒంటిల్లు నువ్వు సూసినావా?"

"లేదమ్మా."

"రా. ఇలా కూకో."

పక్కన కూర్చున్నాను. నా చూపుడువేలు పట్టుకుని ఫొటోలో నలుపు మీద పెట్టింది. ఆవిడ చెయ్యి గరుగ్గా, గట్టిగా ఉంది. "ఇక్కడ పొయ్యి. రెండు కళ్లది. నా అత్త ఏసినాది. దీని ఎనకాల గోడకి మసి, ఎంత సున్నం కొట్టినా పోనేదు. ఇదిగో ఇక్కడ గూడు, ఉప్పు కుండ దాంట్లో ఉంటాది. ఇక్కడ కిందన నానుగు పీటలు. ఈ మూల కుంపటి, వానాకాలంలో పిల్లలు దాని సుట్టూరానే. ఇది తలుపు, ఇదొక్కటీ కనిపిస్తన్నాది." వేలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాక్కెళుతోంది. నేను ఊ కొడుతున్నాను.

అంతా అయ్యాక నా వేలు వదిలేసింది. "ఇప్పుడు సెప్పు. ఉప్పు కుండేది?"

చూపించాను.

"అక్కడ కాదు. అది కుంపటి. సరిగ్గా ఇనలేదు నువ్వు."

మళ్లీ మొదటినుంచి చెప్పింది. మళ్లీ అడిగింది. పొయ్యి సరిగ్గా పెట్టాను, పీటలు తప్పాను. మూడోసారి అన్నీ సరిగ్గా పెట్టాను. ఆవిడ మెచ్చుకోలేదు. ఫొటో తీసుకుని, ఎదురింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒకావిణ్ణి కేకేసి పిలిచింది.

"ఇలా రాయే. ఈయనే, నా ఒంటిల్లు సెరిపేసినాయన. ఎక్కడేటి ఉన్నాదో ఈయన సెప్తాడు, ఇను."

ఎదురింటావిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను ఫొటో మోకాళ్ల మీద పెట్టుకుని, నలుపు మీద వేలు పెట్టి, పొయ్యి దగ్గర మొదలుపెట్టాను.